వేలెడంత లేని ఇయర్‌ఫోన్‌లో అంత ‘ధుం’ ఎక్కడిది?

మృదంగం వాయిస్తుంటే ఎప్పుడైనా దగ్గర కూచుని చూశారా? కుడి వైపు కొడితే ‘త’, ‘నం’ అంటూ ఖంగున పలుకుతుంది. ఎడమ వైపు కొడితే ‘ధుం’ అని గంభీరంగా మోగుతుంది. కొయ్య ఒకటే, వాయించే మనిషీ ఒక్కడే. మరి తేడా ఎక్కడ వచ్చింది? ఎడమ వైపు మూత కుడి వైపు దానికంటే వెడల్పు. పైగా కచేరీ మొదలుపెట్టే ముందు విద్వాంసుడు ఆ మూత నడుమ తడి రవ్వ ముద్ద అంటిస్తాడు. వెడల్పుకు తోడు బరువు కూడా పెరిగింది. ఇక ఆ చర్మం చురుగ్గా ఊగలేదు. నెమ్మదిగా ఊగేది ‘ధుం’ అంటుంది, చురుగ్గా ఊగేది ‘నం’ అంటుంది. అంతే తేడా.

ఈ లెక్కన ‘ధుం’ అనిపించాలంటే వస్తువు పెద్దదిగా ఉండాలి. గుళ్ళో నగారా చూడండి, పెళ్ళి ఊరేగింపులో డోలు చూడండి, పందిట్లో నిలబెట్టే స్పీకరు పెట్టెలు చూడండి. అన్నీ పెద్దవే.

ఇప్పుడు చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్ ఒకటి చేతిలోకి తీసుకోండి. అందులో కదిలే పొర వెడల్పు సుమారు ఒక సెంటీమీటరు. మీ చిటికెన వేలి గోరంత! అయినా చెవిలో పెట్టుకోగానే సినిమా పాటలోని డ్రమ్ము గుండెల్లో మోగినట్టు వినిపిస్తుంది. దుకాణాల్లోనూ ‘బేస్ ఎక్కువ’ అని చెప్పే అమ్ముతారు. కొనేవాళ్ళూ అదే అడుగుతారు.

ఇంత చిన్న పొర అంత పెద్ద ‘ధుం’ ఎలా పుట్టిస్తుంది? ‘ధుం’ ఎంత ఎక్కువైతే ఇయర్‌ఫోన్ అంత మంచిదా? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతుకుదాం.

మంద్రం నుంచి తారం దాకా

శబ్దం అంటే గాలి ఒత్తిడిలో వచ్చే హెచ్చుతగ్గులని మీరు చదువుకున్నారు. ఒక సెకండులో ఎన్నిసార్లు హెచ్చి తగ్గితే అన్ని హెర్ట్జ్ పౌనఃపున్యం. మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. వయసు పెరిగేకొద్దీ పై హద్దు తగ్గుతూ వస్తుంది.

సుమారు 20 నుంచి 250 హెర్ట్జ్ దాకా ఉన్న భాగాన్నే బేస్ అంటారు. మనం మంద్ర స్వరాలందాం. పియానోలో అన్నిటికంటే కింది మెట్టు 27.5 హెర్ట్జ్. బేస్ గిటారులో లావుపాటి తీగ సుమారు 41 హెర్ట్జ్. మగవాళ్ళ మాటలో మూల కంపనాలు ఎక్కువగా 100, 150 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటాయి. ఆడవాళ్ళ మాటలో 200 దాటి ఉంటాయి.

ఇయర్‌ఫోన్ లోపల ఏముంది? ఒక చిన్న అయస్కాంతం, దాని పక్కన సన్నని తీగచుట్ట, ఆ తీగచుట్టకు అతికించిన పలుచని పొర. పాట విద్యుత్తు రూపంలో తీగచుట్టలోకి వస్తుంది. విద్యుత్తు దిశ మారినప్పుడల్లా అయస్కాంతం దాన్ని ఒకసారి లాగుతుంది, ఒకసారి నెడుతుంది. తీగచుట్టతోబాటు పొర కదులుతుంది, పొరతోబాటు గాలి కదులుతుంది. పందిట్లోని పెద్ద స్పీకరు కూడా ఇలాగే పనిచేస్తుంది. పద్ధతి ఒకటే అయినప్పుడు చిన్నదానికి పెద్ద గొంతు ఎలా వచ్చింది?

ఆరుబయట గాలి, సీసాలో గాలి

ఖాళీ మైదానంలో నిలబడి విసనకర్రతో గాలిని నెమ్మదిగా తోయండి. గాలి నలుగుతుందా? నలగదు. పక్కలకు తప్పుకుంటుంది. స్పీకరుకు వచ్చిన చిక్కు కూడా ఇదే. పొర నెమ్మదిగా కదిలేకొద్దీ గాలికి తప్పుకునే వ్యవధి దొరుకుతుంది. అందుచేత మంద్ర స్వరం వినిపించాలంటే చాలా గాలిని తొయ్యాలి.

ఎంత గాలిని? లెక్క వేసి చూద్దాం. ఆరుబయట నేల మీద స్పీకరు పెట్టి, మీటరు దూరంలో కూచున్నామనుకోండి. 50 హెర్ట్జ్ స్వరం అక్కడ 1 పాస్కల్ ఒత్తిడితో వినిపించాలంటే స్పీకరు సుమారు 50 ఘన సెంటీమీటర్ల గాలిని ముందుకూ వెనక్కూ నెట్టాలి. అంటే చిన్న టీ గ్లాసులో పట్టేంత గాలి. అదీ సెకండుకు 50 సార్లు! 1 పాస్కల్ అంటే 94 డెసిబెల్స్, బాగా పెద్ద శబ్దమే.

ఇప్పుడు ఇయర్‌ఫోన్ సంగతి చూద్దాం. దాని కొసన మెత్తని రబ్బరు టోపీ ఉంటుంది. అది చెవి రంధ్రాన్ని సీసాకు బిరడా బిగించినట్టు మూసేస్తుంది. బిరడాకూ కర్ణభేరికీ మధ్య చిక్కుకున్న గాలి ఎంతో తెలుసా? సుమారు ఒకటిన్నర ఘన సెంటీమీటర్లు. ఆ గాలి ఎటూ తప్పుకోలేదు. పొర ముందుకు జరిగితే నలగవలసిందే.

మూసిన పాత్రలో ఉన్న గాలికి బాయిల్ నియమం వర్తిస్తుంది. ఘనపరిమాణం ఎన్నో వంతు తగ్గితే ఒత్తిడి దాదాపు అన్నో వంతు పెరుగుతుంది. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి సుమారు 1,00,000 పాస్కల్స్. మనకు కావలసిన మార్పు 1 పాస్కల్, అంటే లక్షలో ఒక వంతు. కాబట్టి ఒకటిన్నర ఘన సెంటీమీటర్లలో లక్షో వంతు, అంటే 0.000015 ఘన సెంటీమీటరు గాలిని తోస్తే చాలు. పొర వైశాల్యం సుమారు 0.8 చదరపు సెంటీమీటరు. భాగించి చూడండి. పొర కదలవలసిన దూరం సుమారు 0.0002 మిల్లీమీటరు! తల వెంట్రుక మందాన్ని మూడు వందల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత.

ఒకచోట 50 ఘన సెంటీమీటర్లు, ఇంకోచోట 0.000015. ముప్పై లక్షల రెట్లు తేడా. చిన్న పొర పెద్ద గొంతు రహస్యం ఇదే. ఇయర్‌ఫోన్ చెవిలోకి శబ్దాన్ని విసరదు. మూసిన చిన్న గదిలో గాలిని నొక్కి వదులుతుంది. ‘ధుం’ పుట్టించేది ఇయర్‌ఫోన్ ఒక్కటే కాదు, మీ చెవీ దానితో కలిసి పుట్టిస్తోంది.

సందు పడితే సంగతి సరి

బిరడా వదులైతే? సూది లేని సిరంజి ఒకటి తీసుకోండి. గాలి నింపి, మూతి తెరిచే ఉంచి, కాడను చాలా నెమ్మదిగా నొక్కండి. ఏ ప్రతిఘటనా ఉండదు. గాలి సన్న రంధ్రంలోంచి మెల్లగా జారుకుంటుంది. మళ్ళీ నింపి ఒక్కసారిగా గట్టిగా నొక్కండి. ఈసారి కాడ ఎదురు తన్నుతుంది. రంధ్రం అదే. కాని గాలికి జారుకునే వ్యవధి దొరకలేదు.

చెవిలోనూ ఇదే జరుగుతుంది. రబ్బరు టోపీ పక్కన వెంట్రుక పట్టేంత సందు ఉన్నా, నెమ్మదిగా ఊగే మంద్ర స్వరాల ఒత్తిడి ఆ సందులోంచి కారిపోతుంది. చురుగ్గా ఊగే తారస్వరాలు మాత్రం చెక్కుచెదరవు. అప్పుడు పాట రేకు డబ్బాలోంచి వచ్చినట్టు పలచగా వినిపిస్తుంది.

1979లో సోనీ కంపెనీ వాక్‌మన్ విడుదల చేసినప్పుడు దానితో ఇచ్చినవి స్పాంజి మెత్తలున్న తేలికపాటి హెడ్‌ఫోన్లు. అవి చెవి మీద ఆనుకుని ఉండేవి తప్ప రంధ్రాన్ని మూసేవి కావు. ఆ తర్వాత వచ్చిన గుండీల్లాంటి ఇయర్‌ఫోన్లు చెవి గుమ్మంలో వేలాడేవి. రెంటిలోనూ మంద్రం కారిపోయేది. రంధ్రాన్ని బిగించే రబ్బరు టోపీల రకాలు వాడకంలోకి వచ్చాకే ఇంత చిన్న పరికరంలో గట్టి బేస్ సాధ్యమైంది.

డబ్బాలో మూడు సైజుల టోపీలు ఇవ్వడంలోని ఆంతర్యం ఇప్పుడు తెలిసిందా? అందరి చెవి రంధ్రాలూ ఒక్కలా ఉండవు. ఒకే మనిషి రెండు చెవులూ ఒక్కలా ఉండకపోవచ్చు. కుడి చెవికి మధ్య సైజు, ఎడమ చెవికి చిన్న సైజు సరిపోతే అలాగే వాడుకోవచ్చు, సిగ్గుపడక్కర్లేదు. ‘ఈ ఇయర్‌ఫోన్‌లో బేస్ లేదు’ అని విసుక్కునే ముందు టోపీ మార్చి చూడాలి. చాలాసార్లు లోపం ఇయర్‌ఫోన్‌లో ఉండదు, సందులో ఉంటుంది.

మంద్రం విషయంలో చెవి పిసినారి

చెవి అన్ని స్వరాలనూ ఒకే రకంగా ఆదరించదు. 1933లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో హార్వీ ఫ్లెచర్, వైల్డెన్ మన్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీన్ని కొలిచి చూపించారు. ఆ పరీక్షల్లో శబ్దాలను వినిపించింది కూడా హెడ్‌ఫోన్లతోనే. 1000 హెర్ట్జ్ స్వరం ఒకటి వినిపించి, దానితో సమానంగా తోచేదాకా మరో స్వరాన్ని పెంచుతూ పోవడం వాళ్ళ పద్ధతి.

డెసిబెల్ లెక్క గుర్తుచేసుకోండి. 10 డెసిబెల్స్ పెరిగితే శక్తి 10 రెట్లు, 20 పెరిగితే 100 రెట్లు. ఇప్పటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 40 డెసిబెల్స్ ఉన్న 1000 హెర్ట్జ్ స్వరంతో సమానంగా వినిపించాలంటే 100 హెర్ట్జ్ స్వరం సుమారు 64 డెసిబెల్స్ ఉండాలి. 50 హెర్ట్జ్ స్వరమైతే సుమారు 78 డెసిబెల్స్ ఉండాలి. శక్తిలో చూస్తే ఇది వేల రెట్ల తేడా.

ఇందులో ఇంకో విశేషం ఉంది. శబ్దం మొత్తంగా పెరిగేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది. అంటే వాల్యూం పెంచితే మంద్ర స్వరాలు మిగతావాటికంటే త్వరగా పైకి లేచినట్టు తోస్తాయి. పాట నిండుగా మారినట్టు అనిపిస్తుంది. వాల్యూం మీటను పైకి తోయాలన్న ఆశ పుట్టేది ఇక్కడే. ఇది గుర్తుంచుకోండి, చివర్లో దీనితో పని ఉంది.

కాబట్టి ఇయర్‌ఫోన్ తయారుచేసేవాళ్ళు మంద్రాన్ని కొంత పెంచడం తప్పేమీ కాదు. గదిలో స్పీకరు మోగినప్పుడు గోడలూ మూలలూ మంద్రానికి బలమిస్తాయి, ఒంటికీ ఆ అదురు తెలుస్తుంది. చెవిలోని ఇయర్‌ఫోన్‌కు ఆ సాయం లేదు. 2010 దశకంలో అమెరికాకు చెందిన హర్మన్ సంస్థలో సీన్ ఆలివ్, ఆయన సహచరులు ఎందరికో రకరకాల ధ్వనులు వినిపించి అభిప్రాయాలు సేకరించారు. ఎక్కువమంది మెచ్చింది మంద్రం ఓ మోస్తరుగా పెరిగి, మిగతాది సమంగా ఉన్న ధ్వనినే. కూరలో ఉప్పులాగా అన్నమాట. లేకపోతే చప్పన, ఎక్కువైతే నోట పెట్టలేం.

‘ధుం’ కింద నలిగిన మాట

ఎక్కువైతే ఏమవుతుంది? మోటారు పంపు నడుస్తున్న చోట ఎవరైనా మాట్లాడితే సగం మాటలు అర్థం కావు కదా. ఒక శబ్దం ఇంకో శబ్దాన్ని కప్పివేస్తుంది. అయితే ఈ కప్పివేతలో న్యాయం లేదు. 1876లో ఆల్‌ఫ్రెడ్ మేయర్ అనే అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు ఒక విచిత్రం గమనించాడు. మంద్ర స్వరం తన పైనున్న స్వరాలను కప్పేయగలదు. కాని తారస్వరం తన కిందనున్న మంద్రాన్ని కప్పలేదు!

దీనికి కారణం లోపలి చెవిలో ఉంది. అక్కడ నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టం ఒకటుంది. దాని పేరు కర్ణావర్తం. సాగదీస్తే పొడవు సుమారు 35 మిల్లీమీటర్లు. బుడాపెస్టులో టెలిఫోన్ పరిశోధనశాలలో పనిచేసిన గియోర్గ్ ఫాన్ బెకెషి దాని లోపల శబ్దం ఎలా పాకుతుందో కళ్ళారా చూసి చెప్పాడు. 1961లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన కనిపెట్టిందేమంటే, తారస్వరాల అల గుమ్మం దగ్గరే బలంగా లేచి అణిగిపోతుంది. మంద్ర స్వరాల అల మాత్రం గుమ్మం నుంచి బయల్దేరి, తారస్వరాల చోటును దాటుకుంటూ చిట్టచివరి మూలకు చేరుతుంది. పెద్ద ఊరేగింపు ఊరి చివరి గుడికి పోవాలన్నా వీధి మొదట్లో ఉన్న ఇళ్ళన్నిటినీ దాటుకునే పోవాలి కదా! ఊరేగింపు పెద్దదైతే ఆ ఇళ్ళలోని వాళ్ళ మాట వాళ్ళకే వినపడదు.

ఇప్పుడు ఈ నాలుగు మాటలు పైకి చదవండి: కాలు, చాలు, తాలు, సాలు. అచ్చులు ఒకటే. తేడా అంతా మొదటి హల్లులోనే. ఆ హల్లును పోల్చుకునే ఆనవాళ్ళు ఎక్కువగా 2000 నుంచి 8000 హెర్ట్జ్ దాకా ఉన్న భాగంలో, అదీ తక్కువ బలంతో ఉంటాయి. మంద్రం మితిమీరితే ముందు నలిగేవి అవే. పాట మోగుతూనే ఉంటుంది, సాహిత్యం మాత్రం దుప్పటి చాటున పాడినట్టు ఉంటుంది.

చెవిని మూసినందువల్ల ఇంకో నష్టం కూడా ఉంది. మామూలుగా మన శ్రవణ నాళం ఒక చివర మూసిన గొట్టం. పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు. దాని అనునాద పౌనఃపున్యం మీరే లెక్కగట్టవచ్చు: తరంగదైర్ఘ్యం పొడవుకు నాలుగు రెట్లు, అంటే 10 సెంటీమీటర్లు, గాలిలో శబ్ద వేగం సెకండుకు 340 మీటర్లు, భాగిస్తే 3400 హెర్ట్జ్. నిజం చెవిలో ఇది 3000కు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పుట్టినప్పటినుంచీ మన చెవి ఈ స్వరాలను సహజంగా పెంచి వినిపిస్తోంది. మాట తేటగా వినపడటానికి ఇదొక కారణం. బిరడా బిగించగానే గొట్టం రెండు చివరలా మూసుకుపోయి ఆ అనునాదం పోతుంది. ఆ పోయినదాన్ని ఇయర్‌ఫోనే తిరిగి ఇవ్వాలి. జాగ్రత్తగా చేసినవి ఇస్తాయి. బేస్ ఒక్కటే చూసుకుని చేసినవి ఇవ్వవు.

బేస్ ఎంత? బేస్ ఎలాంటిది?

ఈ రెండూ వేరు వేరు ప్రశ్నలు. చవకరకం ఇయర్‌ఫోన్లు కొన్నిట్లో మంద్రం చాలా ఉంటుంది, కాని ఒకే చోట గుట్ట పోసినట్టు ఉంటుంది. అప్పుడు బేస్ గిటారు ఏ స్వరం పలికినా ఒకే ‘ధుం’ వినిపిస్తుంది. డ్రమ్ము దెబ్బ ఆగిపోయాక కూడా ‘మ్మ్‌మ్’ అని మూలుగుతూనే ఉంటుంది. మంచి మంద్రంలో ఏ స్వరానికి ఆ స్వరం విడిగా తెలుస్తుంది. దెబ్బ పడినప్పుడు మొదలై, ఆగినప్పుడు ఆగుతుంది.

డబ్బా మీద ‘20 హెర్ట్జ్ – 20,000 హెర్ట్జ్’ అని ఉంటుంది. దాన్ని చూసి మోసపోకండి. ‘మా బళ్ళో ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా ఉన్నాయి’ అంటే ఏ తరగతిలో ఎంతమంది పిల్లలున్నారో తెలుస్తుందా? ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత బలంగా పలుకుతుందో చూపే గ్రాఫు కావాలి. అడ్డంగా హెర్ట్జ్, నిలువుగా డెసిబెల్స్. ఆ గీత ఎడమ చివర కాస్త పైకి లేచి, నడుమ సమంగా సాగి, 3000 దగ్గర మళ్ళీ లేస్తే మంచిదే. ఎడమ చివర కొండలా లేచి, నడుమ లోయలో పడితే పాడేవాళ్ళ గొంతు ఆ లోయలోనే ఉంటుంది.

అసలు ప్రమాదం ఎక్కడుంది?

ఇప్పుడు విడివిడిగా చెప్పుకున్నవన్నీ కలిపి చూడండి. టోపీ వదులుగా ఉండి మంద్రం కారిపోయింది, వాల్యూం పెంచాం. లేదా మంద్రం మితిమీరి మాట వినపడలేదు, వాల్యూం పెంచాం. బస్సు ఇంజను మోత అడ్డొచ్చింది, ఇంకాస్త పెంచాం. వాల్యూం పెంచితే పెరిగేది మంద్రం ఒక్కటే కాదు, అన్నీ పెరుగుతాయి. నిండుగా వినపడుతోందని చెవి సంబరపడుతుంది, వద్దని చెప్పదు.

కర్ణావర్తంలో ఒక్కో చెవికి సుమారు 15,000 రోమ కణాలుంటాయి. శబ్దాన్ని నరాలకు అందించేందుకు పనిచేసేవి ఇవే. పచ్చికను మాటిమాటికీ తొక్కితే మొదట వాలి లేస్తుంది, తర్వాత లేవదు. రోమ కణాలూ అంతే. మనిషిలో ఒకసారి చచ్చిన రోమ కణం మళ్ళీ మొలవదు. పెద్ద శబ్దాల వల్ల కలిగే వినికిడి లోపం సాధారణంగా 4000 హెర్ట్జ్ ప్రాంతంలో మొదలవుతుంది. ‘కాలు’కూ ‘చాలు’కూ తేడా చెప్పే చోటు అదే! విచిత్రం చూడండి, ‘ధుం’ కోసం వాల్యూం పెంచినవాడు పోగొట్టుకునేది ‘ధుం’ కాదు, ఎదుటివాళ్ళ మాట.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి ఒక ప్రమాణం ప్రకటించాయి. దాని ప్రకారం పెద్దవాళ్ళు వారానికి 40 గంటలు వినాలంటే శబ్దం 80 డెసిబెల్స్ మించకూడదు. పిల్లలైతే 75 మించకూడదు. 3 డెసిబెల్స్ పెరిగితే శక్తి రెట్టింపవుతుంది కాబట్టి వ్యవధి సగం చెయ్యాలి. పిల్లల లెక్క ఇలా వస్తుంది: 78 డెసిబెల్స్ అయితే వారానికి 20 గంటలు, 81 అయితే 10, 84 అయితే 5, 87 అయితే రెండున్నర, 90 అయితే గంటా పదిహేను నిమిషాలు. వారం మొత్తానికీ అంతే!

ఇయర్‌ఫోన్ తీసేశాక చెవుల్లో ‘గుయ్‌’మన్నా, మాటలు దూదిలోంచి వచ్చినట్టు ఉన్నా వాల్యూం ఎక్కువైందని అర్థం. ఆ గుర్తు మళ్ళీ మళ్ళీ కనిపిస్తే చెవుల డాక్టరుకు చూపించుకోవాలి. ఇక రోడ్డు మీదా, రైలు పట్టాల దగ్గరా చెవికి బిరడా బిగించుకుని నడవకూడదని వేరే చెప్పాలా?

మీరే చేసి చూడండి

1. వాల్యూం సగానికంటే తక్కువలో పెట్టి, డ్రమ్ము ఉన్న పాట ఒకటి మొదలుపెట్టండి. ఇయర్‌ఫోన్‌ను అరచేతిలో పట్టుకుని వినండి. మంద్రం అసలే ఉండదు. చెవి గుమ్మంలో వదులుగా ఆనించండి. తర్వాత మెల్లగా బిగించండి. ఏ క్షణాన ‘ధుం’ పుట్టిందో గమనించండి. గట్టిగా లోపలికి నెట్టవద్దు.

2. అదే పాటను మూడు సైజుల టోపీలతో విని ఒక పట్టిక రాయండి. నొప్పి లేకుండా, తక్కువ వాల్యూంలో మంద్రం నిండుగా వినిపించిన టోపీయే మీ చెవికి తగినది. టోపీలు శుభ్రంగా ఉంచుకోండి. గులిమి అడ్డుపడినా ధ్వని మారిపోతుంది.

3. ఫోనులో ఈక్వలైజరు ఉంటే, మొత్తం వాల్యూం తగ్గించి మంద్రం మీట ఒక్కదాన్నే పూర్తిగా పెంచండి. మీకు తెలియని పాట వింటూ సాహిత్యం రాయండి. తర్వాత మీటను మామూలు చోటికి తెచ్చి ఇంకో కొత్త పాటతో మళ్ళీ రాయండి. ఎందులో ఎక్కువ మాటలు తప్పిపోయాయి?

ఆలోచించండి

1. 50 హెర్ట్జ్ స్వరం తరంగదైర్ఘ్యం ఎంత? అంత పొడవున్న అల 2.5 సెంటీమీటర్ల శ్రవణ నాళంలో ఎలా పడుతుంది?

2. ఒకే ఇయర్‌ఫోన్ అన్నయ్య చెవిలో ‘ధుం’ అంటుంది, చెల్లి చెవిలో ‘టిక్’ అంటుంది. కారణమేమిటి?

3. 93 డెసిబెల్స్ దగ్గర పిల్లలు వారానికి ఎంతసేపు వినవచ్చు?

జవాబులు: 1. సుమారు 6.8 మీటర్లు. అల మొత్తం చెవిలో పట్టనక్కర్లేదు. కర్ణభేరి మీద ఒత్తిడి సెకండుకు 50 సార్లు హెచ్చి తగ్గితే చాలు. 2. చెల్లి చెవి రంధ్రానికి టోపీ సరిపోక సందు మిగిలింది. వాల్యూం కాదు, టోపీ మార్చాలి. 3. సుమారు 37 నిమిషాలు.